బోణీ కాకముందు గంపలో చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఆ కోపంతోనే లా చదివాను, ఆ కోపంతోనే నల్లకోటు తొడుక్కున్నాను. తీరా తొడుక్కున్నాక, మొదటి రెండేళ్లూ ఆ కోపాన్ని మింగుతూ బందరు కోర్టుల వరండాల్లో తిరగడమే సరిపోయింది. తొంభైల చివరి సంగతి ఇది. రోజూ పొద్దున గుడివాడలో పాసింజరు ఎక్కడం, బందరులో దిగడం, షేర్ ఆటోలో ఇరుక్కుని కోర్టుకి చేరడం, మా సీనియర్‌గారి ఫైళ్లు మోయడం. ఆ రెండేళ్లలో జడ్జీల ముందు నేను నోరు తెరిచి చెప్పిన మాట ఒక్కటే. "మా సీనియర్‌గారు పై కోర్టులో ఉన్నారండి, కాస్త టైమ్ ఇప్పించండి."

అలాంటి రోజుల్లో ఒక సోమవారం ఆమె మా ఆఫీసుకి వచ్చింది.

నలభై అయిదేళ్లుంటాయేమో. పొట్టి మనిషి, నా భుజం దాకా వస్తుంది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి తెల్లారేసరికి చేపల గంపతో బందరు చేరి, ఒక చేపల బజారులో అమ్ముకునేది. ఆమె కూర్చునే చోటు బజారు గేటు పక్కనే. లోపలికి వచ్చే ప్రతివాళ్లూ ముందు ఆమె గంపనే చూడాలి. అంతకుముందు ముప్పై ఏళ్లు అదే చోట ఆమె తల్లి కూర్చుంది. ఈ వివరాలన్నీ ఆమె నిలబడే చెప్పింది. బల్ల మీద కూర్చోమని నేను రెండుసార్లు అన్నా కూర్చోలేదు.

కేసు ఏమిటంటే, ఆ బజారులో ఆశీలు వసూలు చేసే మనిషి నెత్తి మీద ఈమె కేజీ రాయితో కొట్టింది. ఆశీలు అంటే గంపకింత అని కట్టే రుసుము. బజారుని వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు తరఫున అతను రోజూ తిరిగి వసూలు చేసుకుంటాడు. అతని తలకి మూడు కుట్లు పడ్డాయి. ప్రమాదకరమైన వస్తువుతో గాయపరిచిందని మూడువందల ఇరవై నాలుగో సెక్షను కింద పోలీసులు కేసు పెట్టారు. రుజువైతే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

మా సీనియర్‌గారు నస్యం పట్టు పీల్చి, ముక్కు తుడుచుకుని, "జైలంటే భయంగా ఉందా?" అని అడిగారు.

"జైలు సంగతి కాదండి బాబుగారూ. నా సోటు సంగతి."

ఆమె చోటులో కాంట్రాక్టరు అప్పుడే వేరేవాళ్ల గంప పెట్టించాడట. ఆమె మొత్తుకుంటే బజారు పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారట. కోర్టులో కేసు కొట్టేస్తే మళ్లీ వచ్చి కూర్చో, శిక్ష పడితే ఈ గేటు తొక్కకు అని. అందాకా ఆమె నెత్తిన గంపతో వీధి వీధీ తిరుగుతోంది. మధ్యాహ్నానికే చేప మెత్తబడిపోతే, మెత్తబడిన చేపకి ఎవరు బేరమాడతారు? కాంట్రాక్టరు రాజీ కబురు కూడా పంపించాడు. బజారులో అందరి ముందూ ఆ ఆశీలు మనిషి కాళ్లు పట్టుకుంటే కేసు రాజీ చేసుకుంటామన్నాడు. ఈమె ఆ కబురు తెచ్చినవాడి మీద చేపలు కడిగిన నీళ్లు పోసింది. నాకు ఆమె అప్పుడే నచ్చేసింది.

"సరే, కొట్టావా?" అన్నారు సీనియర్‌గారు అలవాటుగా.

"కొట్టానండి."

ఆయన రెండు చేతులూ ఎత్తేశారు. "నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. కోర్టులో జడ్జిగారు అడిగితే ఏం చెప్పాలో విను. కొట్టలేదు, నాకేం తెలియదు, గిట్టక పెట్టిన కేసు. అంతే."

ఆమె ఆయన వంక విచిత్రంగా చూసింది. "మరి ఆడి తలకాయ దానంతటదే పగిలిందాండి?"

నేను ఫక్కున నవ్వేశాను. సీనియర్‌గారు నా వైపు చూసిన చూపుకి నవ్వు సగంలోనే ఆపుకోవాల్సి వచ్చింది. "ఇన్నేళ్ల ప్రాక్టీసులో కొట్టానని ఒప్పుకున్న ముద్దాయి నాకు ఒక్కరూ తగల్లేదమ్మాయ్," అన్నారు ఆమె వెళ్లాక. "ఈవిడ మొదటిదైతే మనం మునిగిపోయినట్టే. నోరు కట్టించు. ఆ పని నీది."

నోరు కట్టించడానికి ఆమెని మర్నాడు కోర్టు క్యాంటీన్‌కి తీసుకెళ్లాను. నోరు కట్టించడం దేవుడెరుగు, జరిగిందంతా అక్కడ నేనే నోరు తెరుచుకుని విన్నాను.

"మా పల్లెలో బోణీ కాకముందు ఎవ్వరూ గంపలో సెయ్యి పెట్టరు అమ్మాయిగారూ. మా ఆయన పెట్టడు, మా అత్త పెట్టదు. మొదటి సేప మేమే తీసి కొన్నోళ్ల సేతిలో పెట్టాలి. అప్పుడే ఆ రోజు గంప కదుల్తాది. ఆడికి అది తెల్సు. పదేళ్లుగా తెల్సు. రోజూ ఆశీలు తీసుకుంటాడు, పైన ఒక సేప అడుగుతాడు, బోణీ అయ్యాక నేనే తీసి ఇస్తాను. ఆ రోజు మంచి ధర పలికే పండుగప్ప సేప ఉంది గంపలో. ఒక్కటే ఉంది, ఇంత పొడుగుది. వచ్చీ రావడంతోటే సెయ్యి పెట్టేశాడు. వద్దన్నాను. నా సెయ్యి అడ్డం పెట్టాను. నా కుడిసెయ్యి పట్టుకుని మెలితిప్పాడండి. గాజులు సిట్లిపోయాయి. ఎడం సేతికి రాయి తగిలింది. కొట్టాను."

వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పోలీసు కాగితాల్లో ఈ మెలితిప్పడం, పండుగప్ప, గాజులు ఎక్కడా లేవు. ఆశీలు అడిగిన పాపానికి ఆమె అకారణంగా కొట్టినట్టు రాసుకున్నారు.

"ఇదంతా చెప్పకు పిన్నీ. కొట్టలేదని ఒక్క ముక్క చెప్పు, చాలు," అన్నాను. పిన్నీ అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

"అలాగ సెప్పి గెలిస్తే? నా సోటు నాకు వస్తాది. రేపు ఆడు మళ్లీ వచ్చి గంపలో సెయ్యి పెడతాడు. అప్పుడు నేనేం సెయ్యాలి? కొట్టలేదని సెప్పినదాన్ని, ఇంక కొడతానా?"

టీ చల్లారిపోయింది. సీనియర్‌గారికి మాత్రం, "చెప్పానండీ, చూద్దాం" అని తప్పించుకున్నాను.

ఆ సాయంత్రం పాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. డాక్టరు ఇచ్చిన గాయాల సర్టిఫికెట్ నకలు తీసి చదువుకుంటూ కూర్చున్నాను. అప్పటికి అయిదుసార్లు చదివాను. ఆరోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను. గాయం నడినెత్తి మీద, అని ఉంది. నుదురు కాదు, కణత కాదు, నడినెత్తి. ఆశీలు మనిషిని నేను కోర్టు వరండాలో చూశాను. ఆరడుగుల మనిషి. ఈమె పొట్టిది, పైగా కూర్చుని ఉంది. నేను కాగితం పట్టుకుని సీటులోంచి లేచి నిలబడ్డాను. ఎదురుగా ఉన్న పెద్దాయన స్టేషన్ వచ్చేసిందనుకుని గబగబా సంచీ సర్దుకున్నాడు.

ఇంటికి వెళ్లీ వెళ్లగానే వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. చేతిలో స్టీలు గ్లాసు. మా అన్నయ్య ఆరడుగులకి ఒక అంగుళం తక్కువ, బ్యాంకు నుంచి అప్పుడే వచ్చి చొక్కా విప్పుతున్నాడు. "రా, ఇక్కడ నా ముందు నిలబడు," అన్నాను.

"ఎందుకే?"

"నీ నెత్తి మీద కొట్టాలి."

"మళ్లీ ఏం చేశాను నేను?"

బలవంతాన నిలబెట్టాను. పీట మీదనుంచి చెయ్యి ఎంత చాచినా గ్లాసు వాడి పొట్టకి తగులుతోంది. మోకాళ్ల మీద లేచినా గడ్డం దగ్గరే ఆగిపోతోంది. "ఇప్పుడు వంగు. ఈ పళ్లెంలోంచి వంకాయ తియ్యి," అన్నాను. వాడు వంగాడు. వాడి నడినెత్తి సరిగ్గా నా కళ్ల ముందుకి వచ్చింది. సంతోషం పట్టలేక గ్లాసుతో టక్కున ఒకటి ఇచ్చాను.

"అమ్మా! దీనికి పిచ్చెక్కింది!" అని వాడు అరిచాడు. అమ్మ పరిగెత్తుకొచ్చింది. నేను వంటింట్లో గంతులేస్తున్నాను. వంగాడు, వంగాడు, వాడు వంగాడు! గంపలో చెయ్యి పెట్టడానికి కాకపోతే ఆ ఆశీలు మనిషి ఎందుకు వంగుతాడు? ఆ రాత్రి అన్నయ్య నాతో మాట్లాడలేదు.

మర్నాడు సీనియర్‌గారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "బాగుంది, కానీ దాన్ని ఏం చేసుకుంటావు?" అన్నారు. "వాడు వంగాడు, అందుకే కొట్టింది, అది ఆత్మరక్షణ అనాలంటే ముందు కొట్టిందని ఒప్పుకోవాలి. అసలు కొట్టనేలేదు అనాలంటే వాడు వంగితే మనకేం, వంగకపోతే మనకేం? ఏదో ఒకటి చెప్పు. నేనైతే కొట్టలేదనే అంటాను. ప్రాసిక్యూషన్ వాళ్లనే రుజువు చేసుకోమంటాను."

నేను ఒంటికాలి మీద లేచాను. మన ఒంటినీ మన సొత్తునీ కాపాడుకునే హక్కు చట్టంలో ఉందండీ, రాసి పెట్టుకున్నది ఎందుకండీ, అని దెబ్బలాడాను. ఆయన శాంతంగా నస్యం పీల్చారు. "చట్టంలో ఉంది. దాన్ని నమ్ముకుని బోనులో నిలబడిన మనిషి చోటు పోతే, చట్టం వచ్చి కూర్చోబెట్టదు," అన్నారు. కోపం వచ్చింది గాని ఆయన మాట తప్పని అనలేకపోయాను.

ఫిర్యాదుదారుణ్ణి విచారించే రోజు వచ్చింది. సీనియర్‌గారు రావాలి. సరిగ్గా పదకొండింటికి ఆయనకి సెషన్స్ కోర్టులో హత్యకేసు వాదనలు పడ్డాయి. మెట్ల దగ్గర ఫైలు నా చేతిలో పెట్టి, "నువ్వే క్రాస్ చెయ్యి. వాయిదా అడక్కు, ఈ జడ్జిగారికి వాయిదాలంటే మంట. ఒక్కటి గుర్తుంచుకో, జవాబు తెలియని ప్రశ్న అడక్కు," అని వెళ్లిపోయారు.

రెండేళ్లుగా ఎదురుచూసిన రోజు తీరా వస్తే, ఫైలు తలకిందులుగా పట్టుకుని లోపలికి నడిచాను. బంట్రోతు కేసు పేరు మూడుసార్లు పిలిచాడు. ఆమె వెళ్లి ముద్దాయి బోనులో నిలబడింది. బోను కటకటాల పైనుంచి ఆమె కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆశీలు మనిషి సాక్షి బోనులోకి ఇస్త్రీ చొక్కాతో, మీసం దువ్వుకుని వచ్చాడు. ప్రాసిక్యూటరుగారు అడిగినవన్నీ అప్పజెప్పాడు. తర్వాత జడ్జిగారు నా వైపు చూశారు.

లేచాను. మొదటి ప్రశ్నకి నా గొంతు కీచుమంది. "మీరు ఆశీలు ఎలా తీసుకుంటారండీ?"

"ఎలా ఏంటి? చేత్తోటే."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. అంతే, నా కోపం లేచింది. కోపంతోపాటు గొంతూ లేచింది. "చేత్తోటేనండీ, తెలుసు. వంగి తీసుకుంటారా, నిలబడి తీసుకుంటారా?"

"నేను వంగటమేంటండీ?" అన్నాడతను, నిజంగానే అవమానం జరిగినట్టు. "గంపలవాళ్ల ముందు నేనెప్పుడూ వంగను. వాళ్లే లేచి నా చేతిలో పెట్టాలి. బజారులో ఎవర్నైనా అడగండి."

మెల్లిగా అడిగాను. "ఆ రోజు కూడా వంగలేదా?"

"లేదు. నిటారుగా నిలబడే ఉన్నాను."

"మరి ఈవిడ లేచి నిలబడి కొట్టిందా?"

"లేవడం కూడానా! లేచేపాటి మర్యాద ఉంటే ఇంత గొడవెందుకండీ? పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే కొట్టింది."

జడ్జిగారి కలం ఆగిపోయింది. ఆయన తలెత్తి అతన్ని కింద నుంచి పైదాకా చూశారు. తర్వాత బోనులో ఉన్న ఆమెని చూశారు. "నీ పొడవెంతయ్యా?" అని ఆయనే అడిగారు.

"అయిదడుగుల పదకొండంగుళాలండి," అన్నాడతను గర్వంగా.

"ఊ. కానివ్వండమ్మా."

ఇక నన్ను ఆపేవాళ్లెవరు? "ఆశీలుతోపాటు చేప కూడా తీసుకుంటారు కదండీ?"

"అది మామూలేనండి. అందరూ ఇస్తారు."

"ఏ చేపో ఎవరు ఏరుతారు?"

"నేనే ఏరుకుంటాను. వాళ్లకి వదిలేస్తే పాడైపోయిన చేప అంటగడతారు."

"నేల మీదున్న గంపలోంచి, నిటారుగా నిలబడే ఏరుకుంటారా?"

కోర్టు హాలంతా గొల్లుమంది. ప్రాసిక్యూటరుగారు కూడా ఫైలు అడ్డం పెట్టుకున్నారు. అతను నోరు తెరిచాడు, మూశాడు, మీసం తడుముకున్నాడు. జవాబు చెప్పలేదని జడ్జిగారు రాసుకున్నారు. నేను ఫైలు మూసి కూర్చున్నాను. అంత ఆనందం నాకు పెళ్లినాడు కూడా కలగలేదని తర్వాత మా ఆయనకి చెబితే పాపం ముఖం మాడ్చుకున్నారు.

తర్వాతి వాయిదాకి బజారు గేటు పక్కన టీ కొట్టు నడిపే ఆయన సాక్ష్యం. భయస్తుడు. కాంట్రాక్టరు మనుషులు వెనక బెంచీలో కూర్చుని ఉంటే అటువైపు చూస్తూనే మాట్లాడాడు. ఆమె కొట్టడం చూశానన్నాడు. ముందేం జరిగిందో చూడలేదన్నాడు. ఆశీలు మనిషి వంగాడా, చూడలేదు. చెయ్యి పట్టుకున్నాడా, చూడలేదు. ఎన్ని రకాలుగా అడిగినా అదే మాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సీనియర్‌గారు చెప్పినదంతా మరిచిపోయి, "మూరెడు దూరంలో ఇంత గొడవ జరుగుతుంటే నువ్వేం చేస్తున్నావయ్యా, టీ కాచుకుంటున్నావా?" అని అరిచేశాను.

"లేదండి, ఊడ్చానండి," అన్నాడతను కంగారుగా.

"ఏం ఊడ్చావు?"

"గాజు ముక్కలండి. ఆవిడ గాజులు పగిలి నేలంతా పడ్డాయి. వచ్చేపోయేవాళ్ల కాళ్లకి గుచ్చుకుంటాయని నేనే ఊడ్చి అవతల పోశానండి."

వెనక బెంచీలోంచి ఎవరో గట్టిగా దగ్గారు. పాపం, టీ కొట్టు మనిషికి తాను ఏం చెప్పాడో ఇంకా తెలియలేదు. నేను ఇంకొక్క ప్రశ్న కూడా అడక్కుండా టక్కున కూర్చుండిపోయాను. రెండేళ్లలో నేను నేర్చుకున్న తెలివంతా ఆ కూర్చోవడంలోనే ఉంది.

ఆ తర్వాత డాక్టరుగారు వచ్చి, గాయం నడినెత్తి మీదేనని, పైనుంచి కిందికి పడిన దెబ్బేనని, ఒక్కటే దెబ్బని చెప్పి వెళ్లారు.

ఇక మిగిలింది ముద్దాయిని జడ్జిగారు స్వయంగా అడగడం. నీ మీద సాక్షులు ఇలా ఇలా చెప్పారు, నువ్వేమంటావు, అని. ఆ రోజు సీనియర్‌గారు అన్ని పనులూ మానుకుని వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "కేసు నీ చేతిలోకి వచ్చేసిందమ్మాయ్. ఇప్పుడు ఆవిడ కొట్టలేదు అన్నదా, అయిపోయింది. కొట్టానన్నదా, ప్రాసిక్యూటరు ఆ ఒక్క ముక్క పట్టుకుని ఊపేస్తాడు. చెప్పావుగా?"

చెప్పడానికి వరండాలోకి పరిగెత్తాను. ఆమె స్తంభం పక్కన నిలబడి ఉంది. "పిన్నీ, నీకు దణ్ణం పెడతాను. నాకేం తెలియదు అని ఒక్క మాట చెప్పు. నీ చోటు నీకు వచ్చేస్తుంది. ఒక్క మాట," అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. "మీరూ అంతేనా అమ్మాయిగారూ?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె ముందు నడుస్తూ లోపలికి వచ్చాను.

జడ్జిగారు చదివారు. "ఆశీలు అడిగినందుకు నువ్వు కేజీ రాయితో ఇతని తల మీద కొట్టావని సాక్షులు చెప్పారు. ఏమంటావు?"

"కొట్టాను బాబూ."

సీనియర్‌గారు కళ్లు మూసుకున్నారు. ప్రాసిక్యూటరుగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"ఆశీలు అడిగినందుకు కాదు బాబూ. ఆశీలు నేనెప్పుడూ ఎగ్గొట్టలేదు. బోణీ కాకుండా నా గంపలో సెయ్యి పెట్టి సేప తీస్తున్నాడు. వద్దన్నాను. నా సెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. ఒదలమన్నాను, ఒదల్లేదు. ఎడం సేత్తో కొట్టాను."

"ఎన్నిసార్లు కొట్టావు?"

"ఒక్కసారే బాబూ. ఆడు సెయ్యి ఒదిలేశాడుగా. ఇంక కొట్టాల్సిన పనేముందండి?"

ఆత్మరక్షణ మీద నేను చదివిన పేజీలన్నీ ఏం చెబుతాయి? ఎంత అవసరమో అంతే కొట్టాలి, అవసరం తీరాక ఆపేయాలి, అనేగా! ఏ పుస్తకమూ ముట్టని మనిషి బోనులో నిలబడి దాన్నే రెండు మాటల్లో చెప్పేసింది. పక్కన సీనియర్‌గారు కళ్లు తెరిచారు. చాలాసేపు ఆమెనే చూసి, నా చెవిలో అన్నారు. "వాదన నువ్వే చెప్పమ్మాయ్. ఇలాంటి ముద్దాయికి వాదించడం నాకు అలవాటు లేదు."

వాదించాను. ఎలా వాదించానో తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో వేడి పుడుతుంది. ఒప్పుకున్న ముక్క ఒక్కటే తీసుకుని, ఎందుకు కొట్టిందో చెప్పిన ముక్క అవతల పారేయడానికి వీల్లేదన్నాను. నిటారుగా నిలబడ్డ ఆరడుగుల మనిషి నడినెత్తికి, పీట మీద కూర్చున్న ఈవిడ చెయ్యి ఎలా అందుతుందో చూపించమన్నాను. ప్రాసిక్యూషన్ సాక్షే ఊడ్చి పోసిన గాజులు ఎవరు పగలగొట్టారని అడిగాను. ఆవిడ ఎడమచేత్తో కొట్టింది, ఎందుకంటే కుడిచెయ్యి ఇతని గుప్పిట్లో ఉంది, అని గట్టిగా అన్నాను. బల్ల మీద చెయ్యి చరిచాను కూడా. "బల్ల ప్రభుత్వానిదమ్మా," అన్నారు జడ్జిగారు.

వారం తిరక్కుండా తీర్పు. పదకొండున్నరకి పిలిచారు. ఆమె ఆ పొద్దున గంప ఎత్తలేదు, ఉతికిన చీర కట్టుకుని ఒట్టి చేతులతో వచ్చింది. జడ్జిగారు ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు చదివి, ఆమెతో తెలుగులో, "నీ మీద కేసు కొట్టేశాను, వెళ్లు," అన్నారు.

నేను ఎగిరి గంతేయబోయి కోటు సర్దుకున్నాను. ఆమె కదల్లేదు.

"మరి నా సోటు బాబూ?"

జడ్జిగారు ఆగిపోయారు. ఆయన ఎదురుగా ఉన్న ఏ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు. "అది నా చేతిలో లేదమ్మా," అన్నారు, కొంచెం తగ్గిన గొంతుతో. ఆమె దణ్ణం పెట్టి బయటికి నడిచింది.

సంబరమంతా ఒక్కసారిగా కోపమైపోయింది నాకు. "పద పిన్నీ, నేనూ వస్తాను. పెద్దలు మాట ఎందుకు నిలబెట్టుకోరో చూస్తాను," అన్నాను. ఆటో పిలిచి ఇద్దరం బజారుకి వెళ్లాం. మిట్టమధ్యాహ్నం, జనం పలచబడ్డారు. ఆమె చోటులో ఎవరిదో గంప ఉంది. దాని పక్కనే ఆశీలు మనిషి నిలబడి ఉన్నాడు. అప్పటికే కబురు అందినట్టుంది. నన్ను చూశాడు, నా నల్లకోటు చూశాడు. ఒక్క మాట అనకుండా ఆ గంపని కాలితో పక్కకి జరిపి, తనూ నాలుగడుగులు వెనక్కి వేశాడు.

ఆమె వెళ్లి కూర్చుంది. గంప లేదు, పీట లేదు, చేప లేదు. నేల మీదే, కొంగు సర్దుకుని కూర్చుంది. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఎవరైనా ఏమైనా అంటే కడిగేద్దామని కొంగు బిగించి ఆమె పక్కనే నిలబడ్డాను.

కాసేపయ్యాక ఆమె తలెత్తి, మెల్లిగా అంది. "మీరింక ఎల్లండమ్మా."

"ఉంటాను పిన్నీ. వాడు మళ్లీ వస్తే?"

"అందుకే ఎల్లమంటన్నా. మీరుంటే కోటుని సూసి జరిగాడంటారు. రేపు కోటు ఉండదు కదండీ."

వచ్చేశాను. గేటు దాటానే గాని కాళ్లు ముందుకి పడలేదు. గోడ పక్కన, లోపలికి కనిపించకుండా నిలబడ్డాను. ఆశీలు మనిషి చెప్పుల చప్పుడు ఆమె వైపు వచ్చింది, ఆమె దగ్గర ఆగింది. కాసేపటికి ఆ చప్పుడు అవతలికి వెళ్లిపోయింది. తర్వాత ఎవరో బేరానికి వచ్చినట్టున్నారు, ఏమున్నాయమ్మా అని అడిగారు.

"ఇయ్యాల ఏం లేవండి," అంది ఆమె, బజారంతా వినపడేలా. "రేపు రండి. ఇక్కడే ఉంటాను."